పసుపు డబ్బాలో నూనె

2024 వానాకాలం. యాంగోన్ నగరంలో చౌక్తడా పేట. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో కట్టిన పాత మేడ ఒకటి, దాని కింది అంతస్తులో మా రామెన్ షాపు. పైన వకీళ్ళ ఆఫీసులు, పక్కన జిరాక్స్ కొట్లు, ఎదురుగా కోర్టు గుమాస్తాలు టీ తాగే పొట్టి బల్లలు. జపాన్‌లో పుట్టి నాలుగైదు దేశాల్లో కొట్లు తెరిచిన ఒక రామెన్ చైన్‌కి అది ఒక శాఖ. కంపెనీ పేరు చెప్పను. చెప్తే మీ కోపం ఆ పేరు మీదకి పోతుంది. నా కోపం మనుషుల మీద.

నేను అక్కడ అవుట్‌లెట్ మేనేజర్ని. మాట పెద్దదే గానీ పని అన్నిట్లోనూ వేలు పెట్టడమే. కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్ తెప్పించాలి, పనిపిల్లలు రాకపోతే గిన్నెలు కడగాలి, జపాన్ నుంచి ఎవరైనా వస్తే వాళ్ళ మాటని బర్మా భాషలోకి తిప్పాలి. వయసులో ఉన్నప్పుడు ఒక జపాన్ ట్రేడింగ్ ఆఫీసులో పనిచేసి మాట్లాడడం వరకు నేర్చుకున్నాను. చదవమంటే చేతులెత్తేస్తాను. మా ముత్తాత గంజాం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో నా పేరు చంద్రమ్మ, షాపులో మ సాందా. చంద్రుణ్ణే ఇక్కడ సాందా అంటారు, పేరు ముందు వచ్చే మ, డా, కో లాంటివి మర్యాద మాటలు. పెద్దగా మారిందేమీ లేదు.

రామెన్ తినని వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. గిన్నె అడుగున మొదట టారే పోస్తాం. అంటే ఉప్పూ సోయా కలిపిన చిక్కటి పులుసు. దాని మీద ఒక గరిటెడు ఆరోమా ఆయిల్, అంటే వాసన కోసం వేసే కొవ్వు నూనె. ఆ పైన పంది ఎముకలూ కోడి కాళ్ళూ గంటల తరబడి మరిగించిన సూప్, ఆ తర్వాత నూడుల్స్. టారే, నూనె రెండూ బయట సెంట్రల్ కిచెన్ నుంచి డబ్బాల్లో వస్తాయి. వాటిలో ఏముందో మాకు చెప్పరు, అది కంపెనీ గుట్టు. సూప్ మాత్రం మా దగ్గరే మరగాలి. ఆ సూప్ పొయ్యి దగ్గర నిలబడే మనిషిని సూప్ ఇన్‌చార్జ్ అంటాం. షాపు తలుపులు తెరిచే ముందు ఆ మనిషి రోజూ టేస్ట్ చెక్ చెయ్యాలి. టారే, నూనె, సూప్ కలిపిన చిన్న గిన్నెడు తాగాలి. నాలిక మీద వేసుకుని ఉమ్మేస్తే లెక్కలోకి రాదు. రుచి గొంతు దిగేటప్పుడు తెలుస్తుందని జపాన్ వాళ్ళ పట్టింపు.

మా సూప్ ఇన్‌చార్జ్ గవరమ్మ. పిల్లలకి డా గౌరీ, నాకు అక్క. తండ్రి సేక్కాన్ రేవులో బస్తాలు మోసిన గంజాం తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. ఆమె పెరిగింది బౌద్ధం ఇంట్లో. మొగుడు లారీ డ్రైవరు, ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు. వాడి పేరు తీహా. సింహాన్నే బర్మాలో తీహా అంటారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టమని తన తండ్రి పోతూ పోతూ చెప్పాడట, బర్మా బళ్ళో పంతులు నోరు తిరగదని ఇలా పెట్టింది. "దేవుడూ కాదండు, పంతులూ కాదండు," అని నవ్వేది.

ఆ యేడు మొదట్లో కుర్రాళ్ళని సైన్యంలోకి తీసుకునే చట్టం అమల్లోకి వచ్చింది. ఈడొచ్చిన మగపిల్లలున్న ఇళ్ళన్నిటికీ నిద్ర పోయింది. మా షాపులో నూడుల్స్ ఉడకబెట్టే కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కనబడకుండా పోయారు. ఎక్కడికని నేనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. తీహా కూడా వెళ్ళిపోయాడు. సరిహద్దు దాటి థాయిలాండ్ వైపు, రబ్బరు తోటల్లో పనికి. వెళ్ళేముందు రోజు గవరమ్మ కొడుకుని పగోడాకి తీసుకెళ్ళి, మోకరిల్లి, వాడు క్షేమంగా తిరిగొచ్చేదాకా అమేదా ముట్టనని మొక్కుకుంది. అమేదా అంటే గొడ్డుమాంసం.

ఇది ఇక్కడ కొత్త సంగతి కాదు. ఇంట్లో ఎవరికైనా ఆపద వస్తే బర్మా ఆడవాళ్ళు అమేదా మానేస్తారు. మా హిందువుల ఇళ్ళలో పుట్టుకతోనే ముట్టం, అందులో మా గొప్పతనం ఏమీ లేదు. గవరమ్మకి అలా కాదు. అది ఆమెకి ప్రాణం. ఆదివారం వచ్చిందంటే ఉల్లిపాయలు దండిగా వేసి, నూనె పైకి తేలేదాకా వండి, కొడుక్కి ఒక ముక్కా తనకి రెండు ముక్కలూ వేసుకునే మనిషి. అంత ఇష్టమైనదాన్ని కొడుకు ప్రాణానికి అడ్డం పెట్టింది. ఇష్టం లేనిదాన్ని మానడం ఎవరైనా చేస్తారు.

తీహా వారానికో పది రోజులకో ఎవరి ఫోన్ నుంచో చేసేవాడు. సిగ్నల్ దొరికేది కాదు. రెండు మాటలకే తెగిపోయేది. ఆ రెండు మాటలూ ఆమె నాకు నాలుగు రోజులు చెప్పేది.

వానలు పడుతుండగా మాకు వచ్చే ఆరోమా ఆయిల్ డబ్బా మారింది. అంతవరకు తెల్ల డబ్బాలు వచ్చేవి, ఇప్పుడు పసుపువి. బయటి దేశాల సరుకు తెప్పించుకోవడానికి లైసెన్సులు దొరక్క కంపెనీ వేరే దారి చూసుకుందని విన్నాం. డబ్బా మీద మా కంపెనీ స్టిక్కర్ తప్ప ఇంకేం లేదు. మూత తీసేముందు గవరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సెల్లీ, డబ్బా మారినాది. ఇందల అమేదా లేదు గదా? ఓపాలి అడుగు."

సబబైన ప్రశ్న. అప్పటికప్పుడు కో మిన్‌కి ఫోన్ చేశాను. కో మిన్ అంటే యాంగోన్ శాఖలన్నిటికీ ఆపరేషన్స్ మేనేజరు. సింగపూర్‌లో చదువుకున్నాడు, మాటకి ముందు నవ్వుతాడు. స్పీకర్ పెట్టాను, గవరమ్మ పక్కనే ఉంది.

"అదే ఆయిల్, మ సాందా. డబ్బా రంగు మారిందంతే. బీఫ్ గీఫ్ ఏం లేదు."

"మా సూప్ ఇన్‌చార్జ్‌కి మొక్కు ఉందండీ. కొడుకు కోసం. డబ్బా వివరాలు చూసి చెప్తున్నారా?"

"చూడాల్సిన పనేముంది? నేను చెప్తున్నాగా. నా మాట మీద నమ్మకం లేదా?"

నేను ఇంకా ఏదో అనబోతుంటే గవరమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"సాల్లే సెల్లీ. పెద్దోలిని అన్నిపాల్లు అడిగితే ఏటనుకుంతారు? ఆనాడే."

ఆనాడే అంటే ఆనాగా ఉందని; ఈ ఆనా అనే బర్మా మాటకి తెలుగులో సరైన మాట నాకు ఇంతవరకు దొరకలేదు. మొహమాటం అంటే దగ్గరికొస్తుంది గానీ చాలదు. నా వల్ల ఎదుటివాడికి ఇబ్బంది కలుగుతుందేమో, వాడు చిన్నబుచ్చుకుంటాడేమో అని మన గొంతు మనమే నొక్కుకోవడం. ఈ ఊళ్ళో అదొక మర్యాద. కాలు తొక్కినవాడికి నొప్పి చెప్పడానికి కూడా ఆనా అడ్డం వస్తుంది. మా తెలుగువాళ్ళం నాలుగు తరాలుగా ఇక్కడ ఉండి బియ్యంతోపాటు దీన్నీ మరిగాం. ఆ రోజు ఆమె ఆనా పడింది. అతను చూడకుండానే మాట ఇచ్చాడు. ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత తీహా దగ్గరనుంచి ఫోన్ రాలేదు. చివరి ఫోన్ వచ్చిందీ పసుపు డబ్బా వచ్చిందీ ఒకటే వారంలో, అటూ ఇటూగా. అప్పుడు మేమెవరమూ ఆ రెంటినీ కలిపి చూడలేదు. సరిహద్దులో సిగ్నల్ తీసేశారనీ, తోట మారి ఉంటాడనీ రోజుకో కారణం చెప్పుకున్నాం. గవరమ్మ ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి సూప్ పొయ్యి పక్కనే మేకుకి తగిలించేది. ఆవిరి తగలకుండా, మోగితే వినబడేలా. ప్రతి పొద్దుటా దాని కిందే నిలబడి టేస్ట్ చెక్ చేసేది.

చలికాలంలో జపాన్ నుంచి హరాదా గారు వచ్చారు. కంపెనీలో పాత షెఫ్, ఆరు పదులు దాటినవాడు. శాఖలన్నీ తిరిగి వంట సరిగ్గా ఉందో లేదో చూసి, మళ్ళీ నేర్పించి పోతాడు. మంచివాడు, కల్లాకపటం లేదు. ఆయన రుచి చూసి తలూపితే మా పిల్లలకి పండగ. ఆ పొద్దున షాపు తెరవక ముందు అందరం వంటగదిలో గుండ్రంగా నిలబడ్డాం. ఆయన ఒక్కో వాక్యం చెప్తుంటే నేను బర్మాలోకి తిప్పుతున్నాను. టారే అయింది. పసుపు డబ్బా తీసుకుని, కొంచెం నూనె వెచ్చబెట్టి, అరచేత్తో ఆవిరిని ముక్కు దాకా తోసుకుని సంతోషంగా ఒక మాట అన్నారు. "ఈ గ్యూషి చాలా మంచిది."

నేను ఆ మాట బర్మాలోకి తిప్పలేదు. షి అంటే కొవ్వు అని తెలుసు. గ్యూ అంటే కూడా తెలుసు. తెలిసినా, తప్పు విన్నానేమోనని ఆశ.

"ఏ కొవ్వు అన్నారండీ?"

ఆయనకి నేను ఆ మాట ఎరగననిపించింది. పాపం, సాయం చేద్దామనుకున్నారు. రెండు చూపుడువేళ్ళూ తల మీద కొమ్ముల్లా నిలబెట్టి, "మో..." అని అరిచారు.

పిల్లలు గొల్లున నవ్వారు. అంత పెద్దాయన అలా అరుస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. గవరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసింది. చేతిలో టేస్ట్ చెక్ గిన్నె ఉంది, అప్పుడే తాగింది. గిన్నెని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

"ఎప్పట్నుంచంట? అడుగు సెల్లీ."

అడిగాను. పసుపు డబ్బా వచ్చినప్పటి నుంచీ అన్నారు. తెల్ల డబ్బాలో ఉన్నది పంది కొవ్వు, ఇందులో సగం ఆవు కొవ్వు అన్నారు. మార్చేముందే హెడ్డాఫీసు నుంచి ప్రతి దేశానికీ చెప్పారట, తినని వాళ్ళుంటారు గనక కస్టమర్లకి తెలియజేయమని కూడా చెప్పారట. "మీకు చెప్పలేదా?" అని నన్నే అడిగారు.  కో మిన్ చూడలేదు. వచ్చిన కబురు చూడలేదు, డబ్బా చూడలేదు, నేను బతిమాలి అడిగినా చూడలేదు.

నేనూ తిన్నాను ఆ నూనె. మా ఇంట్లో దేవుడి పటాల ముందు నిలబడే నోటితోనే. నాకు వాంతి రాలేదు, ఒళ్ళు మండింది.

 ఆ రోజు గవరమ్మ సూప్ ఎప్పటిలాగే దింపింది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెనక మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని, తెలియక తిన్నదానికి దోషం లేదక్కా అన్నాను. ఎవరైనా అనే మాటే.

"తెలిసి తిన్నా తెలీక తిన్నా కడుపులోకే గదా ఎల్లినాది. నాను ముట్టనని మొక్కినాను. తెలిస్తే ముట్టనని మొక్కలేదు." లోపల మేకుకి వేలాడే ఫోన్ వైపు చూసింది. "డబ్బా వచ్చినాకే ఆడి ఫోన్ ఆగిపోనాది, సూసినావా?"

"అది సిగ్నల్ లేకక్కా."

"అవున్లే, సిగ్నలే," అంది. నన్ను ఓదార్చడానికి.

సాయంత్రం కో మిన్ వచ్చాడు. నేను ఆఫీసు గది తలుపు వేసి అడిగాను. గట్టిగానే అడిగాను, బయట పిల్లలకి వినబడి ఉంటుంది. అతను చిరునవ్వు చెదరకుండా కూర్చున్నాడు.

"ఆమె బౌద్ధురాలే కదా, మ సాందా. వాళ్ళకి నిషేధం లేదు. మీరంటే హిందువులు, మీరు బాధపడితే అర్థముంది."

"నిషేధం కాదండీ, మొక్కు. కొడుకు మీద మొక్కు. ఫోన్‌లో మీకు చెప్పాను."

"గరిటెడు నూనె. ఎవరూ చచ్చిపోలేదు కదా."

ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో కల్మషం ఏమీ లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. దొంగ అయితే తిట్టి ఊరుకునేదాన్ని. ఇతను తనది చిన్న పొరపాటని నిజంగా నమ్ముతున్నాడు. కస్టమర్లకి ఇప్పుడే చెప్పొద్దని, ఉన్న డబ్బాలు అయ్యాక మారుద్దామని అన్నాడు. గవరమ్మకి ఇబ్బంది లేకుండా టేస్ట్ చెక్ నుంచి తప్పిస్తానన్నాడు. టేస్ట్ చెక్ చెయ్యని మనిషి సూప్ ఇన్‌చార్జ్‌గా ఉండడానికి రూల్ ఒప్పుకోదు. అంచేత ఆమెని గిన్నెలు కడిగే చోటికి మార్చారు. అన్నేళ్ళు నిలబడిన పొయ్యి దగ్గర నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నిలబడింది. ప్రశ్న అడిగినందుకు దొరికిన ఫలం అది.

మర్నాడు అతనే వచ్చి, ఆపిల్స్, ద్రాక్షపళ్ళు సర్దిన బుట్టకి రిబ్బను కట్టి గవరమ్మ చేతిలో పెట్టాడు. రెండు చేతులతో ఇచ్చాడు, మర్యాదకి లోటు లేదు. ఆమె తడిచేతులు లుంగీకి తుడుచుకుని అందుకుంది.

"మనసులో పెట్టుకోకండి, డా గౌరీ. సరేనా?"

"యాడే, యాడే," అంది ఆమె తలవంచి. సరే, పరవాలేదు అని. ఆ తర్వాత నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. అతన్ని అడగొద్దా? నిలదీయొద్దా? పళ్ళబుట్ట తీసుకుని దణ్ణం పెడతావా? ఆమె గిన్నెలు కడుగుతూనే జవాబు చెప్పింది. "పెద్దోడు, నా కాడికొచ్చి నిలబడినాడు. ఆనాడే సెల్లీ." నాకు గిన్నెలన్నీ విసిరికొట్టాలనిపించింది.

విసరలేదు గానీ, ఒక అట్టముక్క మీద బర్మా భాషలో రాసి కౌంటర్ మీద నిలబెట్టాను. మా నూనెలో గొడ్డు కొవ్వు ఉంది, వద్దన్నవారికి నూనె లేకుండా ఇస్తాం, అని. మొదటి రోజే కోర్టులో పనిచేసి రిటైరైన తెలుగు పెద్దాయన ఒకరు, వారానికోసారి మనవరాలితో వచ్చేవారు, దాన్ని చదివారు. నావైపు చూశారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. ఇక రాలేదు. ఆయనకి నేను ఎన్నోసార్లు ఇందులో అలాంటిదేమీ లేదు బాబుగారూ అని కో మిన్ మాట నమ్మి చెప్పాను. కో మిన్ ఆ అట్ట తీయించాడు. మళ్ళీ పెట్టాను. ఉద్యోగం పోతుందన్నాడు. తీసేసి, వచ్చిన ప్రతి మనిషికీ నోటితో చెప్పడం మొదలుపెట్టాను. నోటికి అడ్డం పెట్టే రూల్ వాళ్ళ పుస్తకంలో లేదు.

ఈలోగా గవరమ్మ దోషం పోగొట్టుకోవడానికి తిరుగుతూనే ఉంది. ముందు ఫోంజీ దగ్గరికి వెళ్ళింది, అంటే భిక్షువు దగ్గరికి. మనసులో ఉద్దేశం లేకపోతే పాపం అంటదని ఆయన చెప్పారు. తర్వాత మా తెలుగు అమ్మవారి గుడికి వచ్చింది. పూజారి పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టించి, ఇక బెంగపెట్టుకోకు అన్నారు. గుడి బయట చెప్పులు వేసుకుంటూ నాతో అంది.

"ఇద్దరూ సెమించీసినారు సెల్లీ. ఆడొక్కడే ఫోన్ సెయ్యట్లేదు."

ఎండలు ముదిరాక ఒక రోజు ఫోన్ వచ్చింది. తీహా కాదు, వాడితో కలిసి సరిహద్దు దాటిన కుర్రాడు. గవరమ్మ చేతులు నురగలో ఉన్నాయి, నేనే ఎత్తి స్పీకర్ పెట్టాను. ఏం కబురో ముందే తెలిసుంటే స్పీకర్ పెట్టేదాన్ని కాదు. తోటలో జ్వరాలు వచ్చాయట. ఆసుపత్రికి వెళితే కాగితాలు అడుగుతారని భయపడి గుడిసెలోనే ఉన్నారట. తీహాని తోట చివర పాతిపెట్టారట. ఆ కుర్రాడి ఫోన్ పోయి, నంబరు దొరక్క ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాడట. చెప్తూ ఏడ్చాడు.

ఆ క్షణంలో నాకు ఒక్కటే తోచింది. డబ్బా రాకముందే పోయాడని తేలితే బాగుండును. కొడుకు పోయాడన్న దుఃఖం ఎలాగూ తప్పదు, తన వల్ల పోయాడన్నదైనా ఆమెకి తప్పుతుంది.

"ఎప్పుడు నాయనా? ఏ నెల?"

"వానల్లో, అమ్మా."

"వానల మొదట్లోనా, చివర్లోనా? గుర్తు తెచ్చుకో."

"అక్కడ రోజూ వానేనమ్మా. నాకూ జ్వరమే. తెలీదు."

గవరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఆడిని ఇబ్బంది పెట్టకు," అని నాతో అని, వాడితో బర్మాలో, తిన్నావా బాబూ, ఒంట్లో ఇప్పుడెలా ఉంది అని అడిగింది. ఫోన్ పెట్టేశాక మిగిలిన గిన్నెలు కడిగింది. నేను వద్దన్నా వినలేదు. చివరి గిన్నె బోర్లించాక అక్కడే నేల మీద కూలబడింది. ఆ ఏడుపు నేను రాయను.

శవం లేదు, చూపు లేదు. అయినా కబురు తెలిసిన ఏడో రోజున లమ్మడా పేటలో ఆమె ఉండే వాటాలో ఫోంజీలకి భోజనం పెట్టింది. నాలుగో అంతస్తు, ఒక మనిషి పట్టే మెట్లు. బియ్యం బస్తా, కూరల సంచులు వీధిలోంచి బాల్కనీ తాళ్ళకి కట్టి పైకి లాగాం. తీహా ఫోటో ముందు అన్నం, టీ పెట్టింది. ఫోంజీలు మధ్యాహ్నంలోపు తిని, పారాయణం చేసి, దీవించి వెళ్ళారు. ఇరుగుపొరుగు, షాపు పిల్లలు చాప మీద కూర్చున్నాం.

అప్పుడు కో మిన్ వచ్చాడు. నాలుగు అంతస్తులు ఎక్కి చెమటలు కక్కుతున్నాడు. వెనక ఒక మనిషి, రెండు చేతులా సంచులతో. కంపెనీ తరఫున అందరికీ ఇంకో శాఖ నుంచి రామెన్ పార్సిళ్ళు తెచ్చాడు. పార్సిల్ కట్టేటప్పుడు సూప్ ఒక సంచిలో, నూడుల్స్ డబ్బాలో, నూనె చిన్న పొట్లంలో విడిగా ముడివేసి ఇస్తాం. నేను ఆ పొట్లం ఒకటి పైకెత్తి పట్టుకున్నాను.

"ఇది ఏ నూనె?"

కో మిన్ పొట్లం వైపు చూశాడు. "పసుపు డబ్బాల స్టాక్ అయిపోయిందనుకుంటా."

"అనుకుంటారా?"

"మ సాందా, ఇవాళ్టి రోజున కూడా..." అన్నాడు, నేనేదో అమర్యాద చేసినట్టు.

ఆ సంచులన్నీ బాల్కనీలోంచి కిందికి విసిరేద్దామని లేచాను. నిజంగానే లేచాను. గవరమ్మ నా చేతిలోంచి పొట్లం తీసుకుంది. ఒక డబ్బా మూత తీసి, నూడుల్స్ మీద సూప్ పోసి, పొట్లం ముడి పంటితో తెంపి నూనె అంతా పిండింది. కొడుకు ఫోటో ముందే చాప మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

"అక్కా, వద్దు. అందులో ఏముందో తెలీదు."

ఆమె నమిలి మింగింది. నాకు ఒక్కదానికే అర్థమయ్యేలా తెలుగులో అంది.

"ఇంకెవులి కోసం మానాల సెల్లీ?"

కో మిన్‌కి తెలుగు రాదు. ఆమె తింటుంటే అతని మొహం విప్పారింది. కోపం తీరిందని ఊరటపడ్డాడు. దగ్గరికి వచ్చి వంగి, బాగుందా డా గౌరీ అని అడిగాడు.

"యాడే," అంది గవరమ్మ.

నేను ఇప్పటికీ అదే షాపులో ఉన్నాను. వదిలిపెట్టి పోయేంత పౌరుషం ఉన్నా, పోయే చోటు లేదు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను నేర్పేది ట్రే పట్టుకోవడం కాదు. ఇందులో ఫలానాది ఉందా అని ఎవరైనా అడిగితే, లేదు అనే మాట నోట్లోంచి రాకముందు కాళ్ళు వంటగదిలోకి వెళ్ళాలి. కళ్ళతో చూడాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. పైవాడు విసుక్కున్నా మళ్ళీ అడగాలి, ఆనా పడకూడదు. మనకి అది తిండి గురించిన ప్రశ్న. ఆ ప్రశ్న వెనక ఎవరి కొడుకు ఉన్నాడో మనకి తెలియదు.